గొంతెత్తకు అన్నాను

తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడాదే నాకు సంగీతం టీచరుగా ఉద్యోగం వచ్చింది. కొత్తకోటకు దగ్గర్లో, హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే పెద్ద రోడ్డు పక్కన ఆడపిల్లల హాస్టలు బడి. సొంత భవనం లేదు. మూతపడిన ఒక కాలేజీని సర్కారు కిరాయికి తీసుకుంది. పిల్లలు ఐదో తరగతిలో చేరి పది అయ్యేదాకా అక్కడే తిని, అక్కడే పడుకుని చదువుకునేవాళ్లు. నాకిచ్చిన గది వంటశాలను ఆనుకుని ఉండేది. లారీ పోయినప్పుడల్లా కిటికీ అద్దాలు గలగలమనేవి. ఒక హార్మోనియం, ఒక శ్రుతి పెట్టె, ఒక నల్లబల్ల, రెండు జంపఖానాలు. అంతకుముందు ఆరేళ్లు ఇంటింటికీ తిరిగి పాఠాలు చెప్పినదాన్ని. నాకంటూ ఒక గది, తలుపు మీద 'సంగీతం' అని రాసిన బోర్డు ఉండటం చూసి మొదటి రోజు కాసేపు ఆ తలుపు ముందే నిలబడ్డాను.

చేరిన వారానికే ప్రిన్సిపల్ మేడం పిలిచి, ఆగస్టు పదిహేనుకు పెద్ద అధికారులు వస్తున్నారు, ఆరో తరగతి పిల్లల చేత బృందగానం చేయించాలి అన్నారు. నేను ఒక నోటుబుక్కు తీసుకుని పిల్లల్ని ఒక్కొక్కరిని లేపి పాడించాను. గొంతు బాగున్నవాళ్ల పేరు పక్కన టిక్కు, బాగాలేని వాళ్ల పేరు పక్కన సున్నా పెట్టాను. టిక్కులన్నీ ముందు వరస, సున్నాలన్నీ వెనక వరస. నేను నేర్చుకున్న చోట కూడా అట్లాగే చేసేవాళ్లు. అందులో ఆలోచించాల్సింది ఏదైనా ఉంటుందని నాకు తట్టలేదు.

అమ్రాబాద్ అవతల అడవి అంచు ఊరి నుంచి వచ్చిన ఒక అమ్మాయి వంతు వచ్చింది. చిన్న మనిషి, పెద్ద కళ్లు. ఏదైనా పాడమన్నాను. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నాట్ల పాట ఒకటి ఎత్తుకుంది. ఆ గొంతు విని అదిరిపడ్డాను. పొలం ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వినపడాల్సిన గొంతు. కింది స్థాయిలో, బరువుగా, కొంచెం జీరతో వచ్చింది. వంటశాలలో బియ్యం చెరుగుతున్న ఆమె చేట పట్టుకుని గుమ్మం దాకా వచ్చి చూసింది. నేను రెండో చరణం దాకా ఆగలేదు.

"చాలు, చాలు. శ్రుతిలోకి రా. ఇంకా పైకి" అన్నాను.

ఆ పిల్ల పైకి రావడానికి ప్రయత్నించింది. గొంతు పగిలింది. ముందు కూర్చున్నవాళ్లలో ఎవరో నవ్వారు. సున్నా పెట్టాను.

అందరినీ నిలబెట్టి పాడిస్తుంటే ఆ ఒక్క గొంతు మిగతా నలభై గొంతుల్ని తోసుకుని బయటికి వచ్చేది. మూడు రోజులు చూశాను. నాలుగో రోజు దగ్గరికి పిలిచి, కోప్పడకుండానే, మెల్లగా చెప్పాను. "నువ్వు వెనక వరసలో నిలబడు. పెదాలు కదిపితే చాలు. గొంతెత్తకు."

"సరే మేడం" అంది.

ఆగస్టు పదిహేనున ఆ పిల్ల ఎంత చక్కగా పెదాలు కదిపిందంటే, ఎదురుగా కూర్చున్నవాళ్లకు తేడా తెలియదు. అధికారులు చప్పట్లు కొట్టారు. ప్రోగ్రాం అయ్యాక ఆమె భుజం తట్టి, "మంచిగ చేసినవ్" అన్నాను. ఆ మాట కూడా అన్నాను నేను.

నా గురించి కొంత చెప్పాలి. మాది నల్లగొండ దిక్కు చేనేత ఊరు. ఇంట్లో రెండు గుంట మగ్గాలు. మగ్గం చప్పుడులో పుట్టినవాళ్లం మెల్లగా మాట్లాడటం నేర్చుకోం. ఆ చప్పుడు దాటి వినపడాలంటే గొంతు పెంచాల్సిందే. పదేళ్లప్పుడు మా నాయిన నన్ను టౌన్లో ఒక సంగీతం మాస్టారు దగ్గర చేర్చాడు. లోపలి గదిలో ఆయన బంధువుల పిల్లలు, వాళ్ల ఇరుగుపొరుగు పిల్లలు కూర్చునేవాళ్లు. నన్ను వరండాలో కూర్చోమన్నారు. కారణం ఎవరూ చెప్పలేదు, మేం అడగలేదు. మూడేళ్లు కిటికీ ఊచల మధ్య నుంచి పాఠం విన్నాను. మాస్టారు ఒకసారి కిటికీ దగ్గరికి వచ్చి, "నీది మగ్గాల గుంటలో పెరిగిన గొంతమ్మా. ముందు దాన్ని సన్నం చెయ్యి" అన్నారు. చేశాను. ఏళ్ల తరబడి చేశాను. డిప్లొమా పరీక్ష పాసయ్యేసరికి నా గొంతు సూదికి ఎక్కించే దారమంత సన్నమయింది. ఎవరిదైనా పెద్ద గొంతు వింటే ఒళ్లు చిరచిరలాడే స్థితికి వచ్చాను. అది సంగీత జ్ఞానం అనుకున్నాను.

రెండేళ్లు గడిచాయి. ఆ అమ్మాయి ఎనిమిదో తరగతికి వచ్చింది. నా క్లాసులో వెనక గోడకు ఆనుకుని కూర్చునేది. స్వరాలు నోటుబుక్కులో ముత్యాల్లా రాసేది. తాళం తప్పేది కాదు. అందరూ పాడుతుంటే పెదాలు కదిపేది. నేను మార్కులు బాగానే వేసేదాన్ని. బుద్ధిమంతురాలు అనుకునేదాన్ని. ఆగస్టు పదిహేను ఒక్కరోజు కోసం చెప్పిన మాట అది. ఆ తర్వాత మళ్లీ గుర్తు చేయలేదు, వెనక్కి తీసుకోనూ లేదు. నేను మరిచిపోయాను.

ఆ ఏడు దసరా సెలవులైపోయి బడి తెరిచిన రెండు వారాలకు గానీ ఆమె రాలేదు. ఒక రోజు మధ్యాహ్నం వాళ్ల నాయిన వెంటబెట్టుకుని వచ్చాడు. మూడు బస్సులు మారి వచ్చారట. పిల్ల పెట్టె తీసుకుని హాస్టలు గదికి వెళ్లింది. ఆయన మాత్రం సంగీతం గది వెతుక్కుంటూ వచ్చి, చెప్పులు దూరంగా విడిచి, గుమ్మం బయట నిలబడ్డాడు. నలభై ఏళ్లుంటాయి. గడ్డం మాసి ఉంది.

"నమస్తే మేడం. జర మాట్లాడాలె."

"లోపలికి రండి."

"ఈడ్నే మంచిగుంది మేడం. మా అమ్మ చనిపోయింది. గందుకే పిల్లను తోల్కరాలే. మొన్ననే ప్రార్థన చేపిచ్చి, ఇయ్యాల బయలెల్లినం."

అయ్యో అన్నాను. ఆయన కొంచెంసేపు భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. తర్వాత అడిగాడు.

"మేడం, మా పిల్ల గొంతుకు ఏం రోగం వచ్చింది?"

నాకు అర్థం కాలేదు. "రోగమా? ఏం రోగం?"

"మీరు గొంతెత్తొద్దన్నరంట గద. దవాఖానల చూపెట్టిన్రా? డాక్టర్ ఏమన్నడు? గొంతుల గడ్డ గిట్ల ఏమన్న అయిందా? మాకు చెప్తె ఫికర్ పడ్తమని చెప్పలేదా మేడం? ఏదున్నా చెప్పున్రి. పాలమూరు పెద్ద దవాఖానకు తీస్కపోత."

ఆయన నా మౌనాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నాడు. ముఖం నల్లబడింది.

"అంత పెద్ద రోగమా మేడం?"

"కాదు. ఏ రోగమూ లేదు. పిల్ల ఏమని చెప్పింది?"

అప్పుడు ఆయన మొత్తం చెప్పాడు. ఆయన తల్లికి ఈ మనవరాలి పాటంటే ప్రాణం. నాట్లప్పుడు పిల్లను ముందు నిలబెట్టి పాట ఎత్తుకొమ్మనేది. ఆదివారం చర్చిలోనూ అంతే. ఈ రెండేళ్లు సెలవులకు వచ్చినప్పుడు పిల్ల నలుగురిలో కలిసి పెదాలు కదుపుతుంటే ఎవరూ కనిపెట్టలేదు. వానకాలంలో ముసలామె మంచం పట్టింది. దసరాకు పిల్ల ఇంటికి వచ్చింది.

"రోజు పొద్దుగూకంగ పిల్లను పక్కల గూసోబెట్టుకొని, బిడ్డా, పాట అను అనేది. పిల్ల నోరు కదుపుతది. సప్పుడు రాదు. మా అమ్మ దాని మొకంల మొకం పెట్టి చూసేది. ఇంక జర గట్టిగ అను బిడ్డా అనేది. గట్ల నాలుగు రోజులు చూసింది. ఆఖరికి నన్ను పిల్చి, కొడుకా, నా చెవులు గూడ పాయె అని ఏడ్చింది."

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. వంటశాలలో గిన్నెలు కడుగుతున్న చప్పుడు.

"ఆమె చెవులకు ఏం గాలే మేడం. పెరట్ల కోడి మసిలినా ఇనేది. పిల్ల పాట ఒక్కటే ఇనపడలే. నేను పక్కనే కూసున్న. నాకు సుత ఇనపడలే. ముసల్ది గట్లనే పోయింది. చెవుడొచ్చిందనుకుంటనే పోయింది. తర్వాత పిల్లను అడిగిన, ఎందుకు పాడలేదే అని. మా మేడం గొంతెత్తొద్దన్నది బాపూ అన్నది. గందుకే, గొంతు ఖరాబైందేమో, అడిగి పోదామని వచ్చిన."

ఆయన మాటలో ఎక్కడా కోపం లేదు. నా మీద అనుమానం కూడా లేదు. టీచరు ఒక మాట అన్నదంటే పిల్ల మంచికే అన్నది, ఏదో జబ్బు ఉండే ఉంటుంది, అంతకు మించి ఆయనకు ఆలోచన పోలేదు. నన్ను తిట్టి ఉంటే ఎంతో బాగుండేది.

"గొంతుకు ఏం కాలేదన్నా" అన్నాను. "నేనే పాడొద్దన్న. ప్రోగ్రాంల మిగతా పిల్లలతోని కలుస్తలేదని అన్న. తప్పు నాది."

ఆ గదిలో నేను మా ఇంటి మాట మాట్లాడటం అదే మొదటిసారి.

"రోగం గాదు గద. గదే చాలు" అన్నాడు. మళ్లీ తనే, "మరి పాడుమని మీరే చెప్పున్రి మేడం. మీరు చెప్తెనే ఇంటది" అన్నాడు.

పిల్లను పిలిపించాను. తండ్రి ఎదుటే ఆమె చేతులు పట్టుకుని, "నేను ఆ రోజు తప్పు చెప్పిన. నీ గొంతు మంచిగుంది. ఇగ పాడు" అన్నాను. ఆమె నా వైపు చూసింది. నోరు తెరిచింది. పెదాలు కదిలాయి. చప్పుడు రాలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. మెడ నరాలు కనిపించాయి. రాలేదు. మొండితనం కాదు. నేను చెప్పింది చేయాలనే చూసింది. ఆమె వల్ల కాలేదు.

తండ్రి బస్సుకు వెళ్లిపోయాడు. తర్వాతి రోజుల్లో నేను మరిన్ని తప్పులు చేశాను. క్లాసులో ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టాను. అందరి ఎదుట మెచ్చుకున్నాను. "ఒక్క లైను, ఒక్క లైను" అని బతిమాలాను. ఒక రోజు ఆమె లేచి బయటికి పరుగెత్తి చేతులు కడిగే నల్లా దగ్గర నిలబడి ముఖం మీద నీళ్లు కొట్టుకుంది. అప్పుడు అర్థమైంది, నేను నా బాధ తీర్చుకోవడానికి ఆమెను వాడుకుంటున్నానని. ఆ తర్వాత ఆమెను పాడమని ఎప్పుడూ అడగలేదు.

ఒక శనివారం ఖాళీ గదిలో శ్రుతి పెట్టె ముందు కూర్చున్నాను. ఆధార స్వరాన్ని ఆపకుండా మోగించే పెట్టె అది. తిప్పితే స్థాయి పెరుగుతుంది, తగ్గుతుంది. రెండేళ్లుగా దాన్ని నేను నా గొంతుకు సరిపోయే చోటే పెట్టి, నలభైమందిని అక్కడికి రమ్మంటున్నాను. ఆ పిల్ల మొదటి రోజు పాట ఎక్కడ ఎత్తుకుందో గుర్తు తెచ్చుకుని పెట్టెను కిందికి తిప్పాను. ఇంకా కిందికి. అక్కడ నేను పాడి చూశాను. నా గొంతులోంచి నేను మరిచిపోయిన గొంతు వచ్చింది. నాయిన మగ్గం మీద ఉండగా గుమ్మం దగ్గర నుంచి అన్నానికి రమ్మని పిలిచే గొంతు.

సోమవారం ఎనిమిదో తరగతిని గుండ్రంగా కూర్చోబెట్టాను. ముందు వరస, వెనక వరస తీసేశాను. తర్వాత అడిగాను.

"గొంతెత్తొద్దని నేను ఎవరెవరికి చెప్పిన? భయపడకుంట చెయ్యి లేపున్రి."

ఒక చెయ్యి లేచింది. తర్వాత ఇంకొకటి. లెక్కపెడుతూ పోయి మధ్యలో ఆపేశాను. కిటికీ పక్క కూర్చున్న ఒక సన్నటి పిల్ల చెయ్యి సగం లేపి దించింది.

"ఏందమ్మా?"

"నాకు చెప్పలే మేడం" అని అమ్రాబాద్ అమ్మాయిని చూపించింది. "ఆమెకు చెప్పంగ ఇన్న. నాకు సుత గంతే అనుకున్న."

ఆ ఏడు మా క్లాసు మారింది. ఒక్కసారిగా కాదు. మొదటి నెలంతా గందరగోళమే. శ్రుతి కిందికి దించితే సున్నా పెట్టిన గొంతులు చాలా వరకు కుదురుకున్నాయి. పై గొంతున్న పిల్లలకు ఇబ్బంది అయింది, వాళ్లు అలిగారు. రోజు విడిచి రోజు స్థాయి మార్చాను. ప్రతి వారం ఒకరు వాళ్లింటి పాట తేవాలి, మిగతావాళ్లం నేర్చుకోవాలి. తండా నుంచి వచ్చిన ఒకమ్మాయి మూడు వారాలు సిగ్గుపడి, నాలుగో వారం వాళ్ల భాషలో పెళ్లి పాట పాడింది. ఒక చెవి వినపడని అమ్మాయి ఉండేది. ఆమె హార్మోనియం పక్కన కూర్చుని చెక్క మీద అరచెయ్యి ఆనించి స్వరం పట్టుకునేది. రెండేళ్లు ఆమెను నేను పరధ్యానం పిల్ల అనుకున్నాను. పాడటం ఇష్టం లేనివాళ్లు తాళం వేయవచ్చు. అదీ ఇష్టం లేకపోతే ఊరికే కూర్చుని వినవచ్చు. వినేవాళ్లకు మార్కులు తగ్గించలేదు.

అమ్రాబాద్ అమ్మాయి వింటూ కూర్చునేది. ఒక రోజు క్లాసయ్యాక నోటుబుక్కులు సర్దుతుంటే అడిగాను, పాట సంగతి ఎత్తకుండా.

"నీకు ఏం చెయ్యాలనుంటది క్లాసుల?"

నోటుబుక్కు అట్ట మీద వేళ్లతో తట్టి, "కొడ్త" అంది.

"ఏంది కొడ్తవ్?"

"డప్పు. మా బాపు కొడ్తడు. నాకొస్తది."

ప్రిన్సిపల్ మేడం దగ్గరికి వెళ్లాను. ఆమె చెడ్డమనిషి కాదు. పిల్లల అన్నం తను రుచి చూసిన తర్వాతే వడ్డించనిచ్చేది. కానీ డప్పు అనగానే కుర్చీలో వెనక్కి వాలింది.

"స్టేజీ మీద ప్రోగ్రాంలో మగవాళ్లు కొడితే సరే టీచర్. ఆడపిల్లలు, అదీ చావులకు కొట్టే డప్పు... రేపు తల్లిదండ్రులు వచ్చి అడిగితే నేనేం చెప్పాలి?"

"సంగీతం క్లాసులో వాద్యం నేర్పుతున్నామని చెప్పండి మేడం."

"మీరు రాసివ్వండి. సంతకం పెడతాను. గొడవైతే మాత్రం మీరే మాట్లాడుకోవాలి."

రాసిచ్చాను.

నెలకోసారి తల్లిదండ్రులు వచ్చే ఆదివారం వాళ్ల నాయిన డప్పును గోనెసంచిలో చుట్టుకుని తెచ్చాడు. వంటశాల వెనక కాగితాలు, ఎండుటాకులు పోగేసి మంట పెట్టి చర్మాన్ని కాచాడు. అప్పుడప్పుడు వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. పిల్లలంతా చుట్టూ చేరారు. ఆయన పని అయ్యాక గుమ్మం దాకా వచ్చి ఆగాడు. లోపలికి రమ్మంటే రాలేదు. "వద్దు మేడం, ఈడ్నే కూసుంట" అన్నాడు. "మీరు ఈ రోజు సార్ మాకు. సార్ బయట కూసుంటడా?" అన్నాను. పిల్లలు నవ్వారు. అప్పుడు లోపలికి వచ్చి జంపఖానా అంచున కూర్చున్నాడు.

కూర్చుని, ముందు నాకే ఇచ్చాడు డప్పు. రెండు చేతులతో పట్టుకుని, "మీరు ముందల ముట్టున్రి మేడం" అన్నాడు.

నా చెయ్యి ఆగింది.

దీన్ని ఎంత నిజాయితీగా రాయగలనో అంత నిజాయితీగా రాస్తున్నాను. డప్పును క్లాసుకు తేవాలనుకున్నది నేను, రాసిచ్చింది నేను, ఆయన్ని పిలిపించింది నేను. అయినా నా చెయ్యి ఆగింది. మా నేతగాళ్ల గల్లీలో చావు జరిగితే డప్పు కొట్టేవాళ్లు గల్లీ చివర నిలబడేవాళ్లు. మా అమ్మ వాళ్లకు ఇచ్చేది ఏదైనా నేల మీద పెట్టి వెనక్కి జరిగేది. నేను అది చూస్తూ పెరిగాను. వరండాలో కూర్చున్న మూడేళ్లు నాకు బాగా గుర్తున్నాయి, మా గల్లీ చివర నిలబడ్డవాళ్లు మాత్రం అంతవరకు నాకు గుర్తు రాలేదు. ఎంతసేపు ఆగిందో చెప్పలేను. ఒక ఊపిరి అంత. తర్వాత తీసుకున్నాను. చర్మం ఇంకా వెచ్చగా ఉంది. తలెత్తి చూస్తే ఆ అమ్మాయి నా చేతినే చూస్తోంది. ఆమెకు అంతా తెలిసిపోయింది.

ఆ రోజు ఆయన చిటికెన పుల్ల, లావు పుల్ల పట్టుకోవడం చూపించాడు. దరువు ఒక్కొక్కటే చెప్పాడు. నాకు కుదరలేదు. పిల్లలు నాకంటే ముందు పట్టుకున్నారు. వాళ్లమ్మాయి అందుకుని కొట్టేసరికి గది గోడలు చిన్నవైపోయాయి. రోడ్డు మీద లారీ పోయింది కానీ ఎవరికీ వినపడలేదు.

గొడవ కాకుండా పోలేదు. నెల తిరక్కుండా ఒకామె వచ్చింది. మా నేత కులం మనిషే. ఆమె కూతురు ఇంట్లో చెప్పిందట.

"సంగీతం నేర్పుమంటె సావు డప్పు నేర్పుతున్రా? తోలు ముట్టిపిస్తున్రా ఆడిపిల్లలతోని? మీరు మా వాళ్లేనంట గద. మీకు తెల్వదా?"

"తెలుసక్కా. తెలిసే చేస్తున్న."

"మీ ఇంట్ల మీ అమ్మ ఒప్పుకుంటదా?"

మా అమ్మకు నేను అప్పటికి చెప్పలేదు. "నీ బిడ్డను ముట్టుమని బలవంతం పెట్టలేదక్కా. ఆమె చప్పట్లతోని తాళం వేస్తది" అన్నాను. ఆమె వినలేదు. ప్రిన్సిపల్‌కు రాసిచ్చి ఆ పీరియడు కూతుర్ని లైబ్రరీలో కూర్చోబెట్టించింది. ఆ పిల్ల పది పాసయ్యేదాకా లైబ్రరీలోనే కూర్చుంది. మంచి గొంతు. మొదటి ఏడు ముందు వరసలో టిక్కు పెట్టిన గొంతు. నా క్లాసు అందరిదీ అని నేను ఎక్కడా గొప్పగా చెప్పుకోలేను, ఆ పిల్ల వల్ల.

ఆ ఏడు సంక్షేమాధికారి వచ్చినప్పుడు పిల్లలు గుండ్రంగానే నిలబడి పాడారు, డప్పు మధ్యలో. ఆయన బాగుందన్నాడు. ప్రిన్సిపల్ మేడం ఇంకా రెండు డప్పులు తెప్పించింది. మా అమ్మకు సంక్రాంతి ముందు ఫోన్లో చెప్పాను. "నీ ఇష్టం" అని పెట్టేసింది. ఆ మాట ఇప్పటికీ అట్లాగే ఉంది మా మధ్య.

ఆ అమ్మాయి తొమ్మిదిలోకి వచ్చింది. వానకాలం ఒక రోజు నాట్ల పాట నేర్చుకుంటున్నాం. వేరే అమ్మాయి తెచ్చిన పాట. డప్పు కొట్టేది మాత్రం అమ్రాబాద్ అమ్మాయే. నేను నల్లబల్ల మీద మాటలు రాస్తూ అటు తిరిగి ఉన్నాను. నలభై గొంతుల అడుగున ఇంకొక గొంతు వినపడింది. కింది స్థాయిలో, జీరతో. డప్పు దెబ్బ పడినప్పుడు మునిగి, మళ్లీ తేలుతోంది. తిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోతుందని భయం. నల్లబల్ల మీద రాసిన మాటనే మళ్లీ మళ్లీ దిద్దుతూ నిలబడ్డాను, పాట అయ్యేదాకా. ఆ తర్వాత కూడా ఎవరితో అనలేదు. పిల్లలకు తెలుసు, వాళ్లూ అనలేదు.

అప్పటి నుంచి పాడేది. డప్పు చేతిలో ఉంటేనే, అందరితో కలిసే. ఒంటరిగా ఎప్పుడూ పాడలేదు. వాళ్ల నాయిన వచ్చినప్పుడు అడిగాను, ఇంట్లో పాడుతోందా అని. "పొలంల పాడ్తాంది మేడం, పని జేసుకుంట. మేం దగ్గరికి పోతె ఆపేస్తది" అన్నాడు.

పదో తరగతి పరీక్షలు అయిపోయిన రోజు పిల్లలంతా పెట్టెలు సర్దుకుని గేటు దగ్గర ఉన్నారు. ఆమె సంగీతం గదికి వచ్చింది, చెప్పి పోదామని. రెండేళ్లుగా గొంతులో పెట్టుకున్న మాట అప్పుడు అడిగాను.

"నా మీద కోపం పోయిందా?"

ఆమె గుమ్మం చెక్కను గోటితో గీకుతూ నిలబడింది.

"మీరు అడిగిన్రు గాబట్టి చెప్తున్న మేడం. పోలే. అవ్వ యాదికొస్తె మీరు సుత యాదికొస్తరు. నా మీద నాకు గూడ కోపమే. నేను పాడితె అయిపోతుండె గద. మీరు ఊర్లె లేరు గద అప్పుడు."

"నీ తప్పు లేదు. పదకొండేళ్ల పిల్లకు నేను చెప్పిన మాట అది."

"తెల్సు మేడం. తెల్సినా పోతలే."

"పోకున్నా సరే" అన్నాను. "పోవాలని నేను అడగ."

ఆమె తలూపింది. "క్లాసు మాత్రం మంచిగుండె మేడం. తర్వాత" అంది. ఆ చివరి మాటకు ముందు కాస్త ఆగింది. తర్వాత తన పెట్టె ఒక పక్క నన్ను పట్టుకొమ్మంది. బరువుగా ఉంది. ఇద్దరం మోసుకుంటూ గేటు దాకా వెళ్లాం. వాళ్ల నాయిన అందుకున్నాడు.

ఇప్పుడామె మహబూబ్‌నగర్‌లో నర్సింగు చదువుతోంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఫోను చేస్తుంది. చదువు గురించి, హాస్టలు అన్నం గురించి మాట్లాడుకుంటాం. పాట గురించి తను చెబితే వింటాను. నేనుగా అడగను.

నాకు మేళ్లచెరువు దిక్కు బదిలీ అయింది. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు. పొద్దున తుడిచిన హార్మోనియం మీద సాయంత్రానికి తెల్లటి పొర. ఫ్యాక్టరీ పనికి ఒడిశా నుంచి వచ్చినవాళ్ల పిల్లలు కొందరు మా బడిలో ఉన్నారు. తెలుగు ఇప్పుడిప్పుడే పట్టుబడుతోంది వాళ్లకు. మొన్న వాళ్లలో ఒకమ్మాయి వంతు వచ్చింది. వాళ్లమ్మ పాడే పాట ఒకటి మెల్లగా, కళ్లు మూసుకుని పాడింది. అర్థం అడిగితే తనకూ పూర్తిగా తెలియదంది. ఆదివారం అమ్మనడిగి చెబుతానంది. పాట మాత్రం అందరం నేర్చుకోవడం మొదలుపెట్టాం. ఆమె నల్లబల్ల దగ్గరికి వచ్చి తన లిపిలో మొదటి లైను రాసింది. దాని కింద ఇంకో అమ్మాయి, విన్నది విన్నట్టు, తెలుగులో రాసింది. ఇద్దరూ ఒక అక్షరం దగ్గర వాదులాడుకుంటుండగా గంట కొట్టారు. తర్వాతి పీరియడు లెక్కల సారుది. నల్లబల్లలో ఆ సగం తుడవొద్దని ఆయనకు చెప్పి వచ్చాను.